డాక్టరు 'చాలా' అంటే చాలునా?

మా అక్కకు షుగరు బయటపడి మూడేళ్ళయింది. ఆ రోజు డాక్టరు మందుల చీటీ రాసిచ్చి, చివర్న ఒక్క మాట అన్నాడు: 'రోజ్ చాలా'. మరాఠీలో 'చాలా' అంటే నడవండి అని. షోలాపూర్‌లో పుట్టి పెరిగిన మాకు ఆ మాట తెలియక కాదు. అయినా దవాఖానా మెట్లు దిగుతూ అక్క నా వైపు తిరిగి, "రోజు చాలా అంటుండు. ఏడ చాలాలె చెల్లే? గా ఒక్క మాట చెప్తె చాలునా?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఇంటికొచ్చి ఆలోచిస్తే నవ్వులాట కాదనిపించింది. అక్క అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. బహుశా డాక్టరు దగ్గర కూడా లేదు.

అక్క ఇల్లు పూర్వభాగ్‌లో. ఆ గల్లీలో రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. తెల్లవారుజామున నడుద్దామంటే కుక్కలు. పొద్దెక్కితే ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నలభై డిగ్రీలు దాటడం కొత్త కాదు. సిద్ధేశ్వర్ చెరువు గట్టు మంచి చోటే గాని, అక్కడికి పోవాలంటే ఆటో కావాలి. నడవడం కోసం ఆటో ఎక్కడమేమిటని ఆమె అంటే కాదనలేం. నల్లా నీళ్ళు వచ్చే రోజు ఇల్లు కదలడానికే లేదు. మిగతా రోజుల్లో పొద్దున కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి ఆకు, తంబాకు తెచ్చుకోవాలి. సాయంత్రం వంట. ఇక నడక ఎప్పుడు?

నడవమని చెప్పడం సులువు. నడిచే చోటు, నడిచే వేళ చూపించకుండా చెబితే అది సగం సలహాయే. మిగతా సగం మన ఇంట్లోనే ఉంది. పది అడుగుల గది, రెండు నీళ్ళ సీసాలు ఉంటే చాలు. అయితే వాటికన్నా ముందు కావాల్సింది ఇంకొకటుంది. ఇంట్లో వాళ్ళ ఒప్పుకోలు. ఈ నాలుగు మాటలు రాస్తున్నది దానికోసమే.

కష్టం వేరు... కదలిక వేరు

"పొద్దున లేచింది మొదలు చాకిరీయే గదా, మళ్ళా వ్యాయామం ఎందుకు?" అని మన ఇళ్ళలో అడగని ఆడమనిషి లేదు. అడగడంలో తప్పు లేదు. బీడీల పని చూసినవాళ్ళకు ఆ కష్టం తెలుసు. తునికాకు తడపాలి, కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టాలి, కొన ముడవాలి, దారం కట్టాలి. వెయ్యి బీడీలు పూర్తవ్వాలంటే చెయ్యి తిరిగిన మనిషికైనా ఎనిమిది తొమ్మిది గంటలు పడుతుంది. ఆ ఎనిమిది తొమ్మిది గంటలూ చాట ఒళ్ళో పెట్టుకుని, మెడ వంచి, ఒకే తీరుగా కూర్చోవాలి. మా అమ్మ అలా కూర్చునే మమ్మల్ని చదివించింది. మా అక్క అలా కూర్చునే ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేసింది. వాళ్ళను సోమరులని ఎవరైనా అంటే నాలుక తెగిపోవాలి.

కానీ ఒంటికి ఆ లెక్క వేరు. బీడీల పనిలో వేళ్ళు అరిగిపోతాయి, మెడ పట్టేస్తుంది, నడుము విరిగిపోతుంది. కాళ్ళు, తొడలు, పిరుదుల్లోని పెద్ద కండరాలు మాత్రం రోజంతా నిద్రపోతాయి. మనం తిన్న అన్నం, రొట్టె రక్తంలో చక్కెరగా మారితే, దాన్ని ఎక్కువగా వాడుకోవాల్సింది ఆ పెద్ద కండరాలే. కండరం కదిలినప్పుడు రక్తంలోని చక్కెరను లోపలికి లాక్కుంటుంది. షుగరు ఉన్నవాళ్ళలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోయినా ఈ దారి తెరిచే ఉంటుంది. కండరం కదలకపోతే ఆ దారి మూసుకుపోతుంది. గుండె సంగతీ అంతే. అది కాస్త వేగంగా కొట్టుకునేలా రోజూ కొంతసేపు పని పడాలి. చాట ముందు కూర్చుంటే పడదు.

బీడీల పని తగ్గుతోంది, నిజమే. ఆ కొత్త కోడళ్ళు ఇప్పుడు కుట్టు మిషన్ల ముందు కూర్చుంటున్నారు. యూనిఫారాలు, నైటీలు కుడుతున్నారు. పని మారింది గాని కూర్చోవడం మారలేదు. మగ్గం దగ్గర మగవాడు కనీసం నిలబడి అటూ ఇటూ తిరుగుతాడు. ఇంట్లో ఆడది కూర్చునే సంపాదిస్తుంది. భివండీలోనూ ఇదే కథ.

ఇది మన గల్లీ గోల ఒక్కటే కాదు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకు. ఇంకో 13 కోట్ల మందికి పైగా షుగరు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని ఆడవాళ్ళు నూటికి 57 మంది. మగవాళ్ళు 42 మంది. ఇంత చాకిరీ చేసే దేశంలో ఆడవాళ్ళకే ఎక్కువ కదలిక లేదంటే, అది వాళ్ళ బద్ధకం కాదు. వాళ్ళను కూర్చోబెట్టిన బతుకు.

బతుకమ్మ అడుగులే!

ఇంట్లో నడవడమేమిటని మొదట నేనూ అనుకున్నాను. పుణేలో ఉద్యోగం చేసే మేనకోడలు ఫోన్లో ఒక వీడియో చూపించింది. అమెరికాలో లెస్లీ సాన్సోన్ అనే వ్యాయామ శిక్షకురాలు ఎన్నో ఏళ్ళ కిందటే ఇలాంటివి తయారు చేసి, ఇల్లు కదలకుండా మైలు నడిపించవచ్చని లక్షల మందికి నేర్పింది. చూస్తే పెద్ద విద్య ఏమీ లేదు. నాలుగే అడుగులు. నిలబడ్డచోటే కవాతులా నడవడం, పక్కకు ఒక అడుగు వేసి మళ్ళీ రావడం, కాలు ముందుకు చిన్నగా విసరడం, మోకాలు నడుము దాకా ఎత్తడం. ఈ నాలుగింటినీ మార్చి మార్చి పాటకు తగ్గట్టు వేయడమే.

అక్క చూసి పకపకా నవ్వింది. "ముసలిదాన్ని, ఇంట్ల గంతులేస్తె కోడలు ఏమనుకుంటది?" అంది. నేనన్నాను, "బతుకమ్మ ఆడేటప్పుడు ఎవరేమనుకున్నారక్కా?" ఆలోచించండి. పూల చుట్టూ తిరుగుతూ అడుగు ముందుకు, అడుగు పక్కకు వేస్తాం. వంగి చప్పట్లు కొడతాం, మళ్ళీ లేస్తాం. ఒక్కొక్క రాత్రి గంట, గంటన్నర ఆడతాం. ఎవరికీ ఆయాసం గుర్తుండదు, సిగ్గు గుర్తుండదు. మన తాతలు మగ్గాలతో పాటు కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి ఇక్కడికి మోసుకొచ్చిన ఆటే అది. అమెరికా ఆమె చెప్పే నాలుగు అడుగుల్లో మనకు తెలియనిది లేదు. తొమ్మిది రోజులు చేసేదాన్ని ఏడాది పొడుగునా చేయమంటున్నారు, అంతే.

ఇలా నిలబడ్డచోట నడిస్తే అది నడకేనా అని కొందరికి అనుమానం. గుండెకు రోడ్డు తెలియదు, గది తెలియదు. అడుగు చురుగ్గా పడుతోందా లేదా అన్నదే దానికి తెలుసు. నిమిషానికి వంద అడుగులు పడితే అది చురుకైన నడక కిందే లెక్క. దీనికి యంత్రం అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. పాట కూడా హాయిగా పాడేస్తున్నామంటే కాళ్ళు బద్ధకిస్తున్నట్టు. మాట కూడా రాకపోతే అతి చేస్తున్నట్టు.

రోజుకు పదివేల అడుగులు వేయకపోతే లాభం లేదని ఎవరో చెప్పి చాలామందిని భయపెట్టారు. ఆ పదివేల లెక్క 1960లలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరానికి పెట్టిన పేరు నుంచి పుట్టింది గాని, శాస్త్రం నుంచి కాదు. 2019లో అమెరికాలో సుమారు 17 వేల మంది వృద్ధ మహిళల మీద చేసిన అధ్యయనం బయటికొచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్ళ కన్నా 4,400 అడుగులు వేసేవాళ్ళలో మరణాలు బాగా తక్కువ. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. ఇంటిపనిలో మనం వేసే అడుగులకు ఇంకో మూడువేలు చేరిస్తే చాలావరకు గట్టెక్కినట్టే. మూడువేలంటే ఎంత? పది నిమిషాల చొప్పున మూడుసార్లు.

ఆ మూడుసార్లూ ఎప్పుడు పెట్టుకోవాలో కూడా తెలిసింది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో షుగరు ఉన్నవాళ్ళను రెండు రకాలుగా నడిపించి చూశారు. రోజులో ఎప్పుడో ఒకప్పుడు ఒకేసారి అరగంట నడవడం కన్నా, ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిస్తే తిన్న తర్వాత పెరిగే చక్కెర ఎక్కువగా తగ్గింది. రాత్రి భోజనం తర్వాత నడకకు ఫలితం ఇంకా బాగుంది. తిన్నవెంటనే చాట ముందుకేసుకునే మన అలవాటు ఎంత చేటో దీన్నిబట్టి తెలుస్తుంది.

సీసాలే డంబెల్స్

ఇక బరువుల సంగతి. బరువులంటే కుస్తీ పట్టే మగపిల్లల వ్యవహారమని మన అభిప్రాయం. కాదు. ముప్పై దాటాక, శ్రద్ధ పెట్టకపోతే, పదేళ్ళకోసారి మన కండలో నూటికి మూడు నుంచి ఎనిమిది పాళ్ళు తరుగుతూ పోతుంది. అరవై వచ్చేసరికి నీళ్ళ బిందె ఎత్తలేకపోవడం, కింద కూర్చుంటే చేతులు ఆనించకుండా లేవలేకపోవడం, జారిపడితే ఎముక విరగడం, ఇవన్నీ ఆ తరుగు ఫలితాలే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నడక ఒక్కటే చెప్పలేదు. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన కదలికతో పాటు, వారంలో కనీసం రెండు రోజులు కండలకు పని చెప్పే వ్యాయామం ఉండాలంది.

దీనికి దుకాణానికి పోనక్కర్లేదు. అరలీటరు నీళ్ళ సీసాలు రెండు. ఒక్కొక్కటి అరకిలో. చేతికో సీసా పట్టుకుని, నడిచేటప్పుడు మోచేతులు మడిచి, చేతులు మామూలుగా ఊపితే సరిపోతుంది. నడక మధ్యలో రెండు మూడు నిమిషాలు ఒకచోట నిలబడి సీసాలను భుజాల దాకా తేవడం, దించడం. తర్వాత భుజాల నుంచి మెల్లగా పైకి ఎత్తడం, దించడం. ఒక్కొక్కటి పదిసార్లు. గోడకు చేతులు ఆనించి వంగి లేవడం ఇంకో పదిసార్లు. కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి నిలబడటం పదిసార్లు. అన్నింటిలోకి ఈ చివరిది గొప్పది. తొడలకు ఇంతకన్నా మంచి పని ఇంట్లో దొరకదు. నెల రెండు నెలలు పోయాక తేలిగ్గా అనిపిస్తే లీటరు సీసాలకు మారవచ్చు.

ఇక్కడ మా పొరపాటు ఒకటి చెప్పాలి. మొదటి వారమే ఉత్సాహం కొద్దీ నేను అక్క చేతికి లీటరు సీసాలు ఇచ్చాను. 'ఎంత బరువైతే అంత లాభం' అనుకున్నాను. నాలుగో రోజుకు కుడి భుజం పట్టేసింది. ఆ వారం బీడీలు సగం కూడా కాలేదు. తప్పు నాదే. నలభై ఏళ్ళుగా వంగి పనిచేసిన భుజాలవి. వాటికి అరకిలో కూడా మొదట్లో కొత్తే. మొదటి రెండు వారాలు వట్టి చేతులతోనే నడవమని చెప్పాల్సింది. కాళ్ళకు కట్టుకునే బరువులు అమ్ముతారు. నడిచేటప్పుడు వాటి జోలికి పోవద్దు. మోకాళ్ళ మీద, తుంటి మీద భారం పడుతుంది.

బరువు లెక్క నిక్కచ్చిగా...

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. దీంతో బరువు తగ్గుతామా? 'నెలలో పది కిలోలు' అని గోడల మీద అంటించే కాగితాలు చూసి మోసపోకండి. లెక్క మనమే వేసుకుందాం.

అరవై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 100 కేలరీలు. చేతిలో సీసాలుంటే ఇంకో ఐదో పదో కలుస్తాయి. ఒంట్లో కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. అంటే తిండి ఏమాత్రం పెంచకుండా రోజూ అరగంట నడిస్తే కిలో తగ్గడానికి రెండున్నర నెలలు. నిరాశ పడాల్సిన పని లేదు గాని, నిజం తెలిసి మొదలుపెట్టడం మేలు.

ఇంకో వైపు చూడండి. చిన్న చెంచా చక్కెరలో 16 నుంచి 20 కేలరీలుంటాయి. షుగరు బయటపడకముందు మా అక్క రోజుకు ఐదు చాయ్‌లు తాగేది, చాయ్‌కి రెండు చెంచాలు. అంటే పది చెంచాలు. 160 నుంచి 200 కేలరీలు. అరగంట నడకలో పోయేదానికి దాదాపు రెట్టింపు, చాయ్ గ్లాసులోనే తిరిగొచ్చేది. దాంతో తినే ఖారీ, టోస్టు లెక్కలోకి తీసుకోలేదు. బరువు తగ్గే పని ముందు చాయ్ గ్లాసు దగ్గర, అన్నం పళ్ళెం దగ్గర మొదలు కావాలి. రెండోసారి అన్నం పెట్టుకునే బదులు పప్పో, కూరో, మజ్జిగో పెరగాలి. జొన్నరొట్టె మంచిదే. అదైనా లెక్కపెట్టి తినాలి. పల్లీల చట్నీలో నూనె ఎంత పోస్తున్నామో చూసుకోవాలి.

మరి నడక దేనికి? తిండి ఒక్కటే తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, మనిషి నీరసిస్తుంది. నడక, చేతిలో బరువు ఆ కండను కాపాడతాయి. తగ్గిన బరువు మళ్ళీ పెరగకుండా అడ్డుపడతాయి. కాబట్టి రోజూ తూకం యంత్రం ఎక్కి దిగులు పడకండి. దర్జీ దగ్గరుండే టేపు తీసుకుని నడుము కొలవండి. మన దేశస్థులకు డాక్టర్లు చెప్పే హద్దు ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, అంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు. మనవాళ్ళకు చేతులు కాళ్ళు సన్నగానే ఉండి పొట్ట చుట్టే కొవ్వు చేరుతుంది. ప్రమాదం అక్కడే.

మా అక్క విషయానికొస్తే, మొదటి ఏడాదిలో తగ్గింది మూడు కిలోలే. మధ్యలో చిన్న కొడుకు పెళ్ళి వచ్చి రెండు నెలలు అంతా ఆగిపోయింది. కానీ నడుము రెండు అంగుళాలు తగ్గింది. మూడు నెలల చక్కెర సగటు చూపే పరీక్షలో 8.6 ఉన్నది 7.2కి దిగింది. మందులు మానలేదు, డాక్టరును అడగకుండా మానకూడదు కూడా. కింద కూర్చుంటే గోడ పట్టుకోకుండా లేస్తోంది. నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది అదే.

కొన్ని జాగ్రత్తలు

గుండె జబ్బు, ఎక్కువ బీపీ, కాళ్ళలో తిమ్మిర్లు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. షుగరు మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు చక్కెర మరీ పడిపోకుండా చూసుకోవాలి. చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే ఆపి కాస్త చక్కెర నోట్లో వేసుకోవాలి. ఛాతీలో నొప్పి, బిగువు వస్తే ఇంట్లో పడుకోకుండా దవాఖానాకు పోవాలి. షుగరున్నవాళ్ళు వట్టికాళ్ళతో నడవొద్దు. ఇంట్లో వేసుకోవడానికి వేరే మెత్తటి చెప్పులు పెట్టుకోండి. రాత్రి పడుకునే ముందు అరికాళ్ళు చూసుకోండి. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టొద్దు, సీసాను గట్టిగా పిసకొద్దు.

బీడీల ఇళ్ళకు మాత్రమే చెప్పే మాట ఇంకొకటి. తంబాకు ఆరబోసిన గదిలో నడవొద్దు. కదిలితే ఊపిరి ఎక్కువ పీలుస్తాం. ఆ దుమ్మంతా లోపలికి పోతుంది. చాట, తంబాకు డబ్బా పక్కగదిలోనో బయటి అరుగు మీదో పెట్టి, ఊడ్చి, కిటికీ తెరిచి, చేతులు కడుక్కుని అప్పుడు నడవండి.

అరగంట ఎవరిస్తారు?

చోటు దొరికింది, సీసాలు దొరికాయి. అసలు చిక్కు ఇక్కడుంది. మా అక్క అన్న మాట నేనెప్పుడూ మర్చిపోను. "అరగంట అంటె యాభై బీడీలు చెల్లే." వెయ్యికి ఇంత అని కూలి కట్టేచోట ప్రతి నిమిషానికీ ధర ఉంటుంది. జీతం తీసుకునే ఉద్యోగికి వాకింగ్ ఆరోగ్యం. వెయ్యి లెక్కన కూలి తీసుకునే ఆడదానికి అదే వాకింగ్ కూలి నష్టం. ఈ సంగతి గమనించకుండా 'మీకు శ్రద్ధ లేదు' అని ఆడవాళ్ళను తిట్టడం అన్యాయం.

అందుకే నేను మగవాళ్ళను, కొడుకులను, కోడళ్ళను అడుగుతున్నాను. ఆ యాభై బీడీల నష్టం ఎవరు భరిస్తారు? తల్లి పొద్దునే నడవాలంటే ఆ పది నిమిషాలు నల్లా దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి. రాత్రి తిన్నాక ఆమె నడవాలంటే గిన్నెలు ఇంకొకరు తోమాలి. ఆమె సీసాలు పట్టుకుంటే ఎవరూ నవ్వకూడదు. మా ఇంట్లో మార్పు డాక్టరుతో రాలేదు, వీడియోతో రాలేదు. రాత్రి అన్నాలయ్యాక కోడలు "అత్తమ్మా, నువ్వు నడువు. గిన్నెలు నేను చూస్త" అన్న రోజున వచ్చింది. నెల తిరిగేసరికి ఆ పిల్ల కూడా గిన్నెలు నానబెట్టి అత్త పక్కన అడుగులేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు మా బావ గిన్నెలు కడుగుతున్నాడని చెబితే గల్లీలో ఎవరూ నమ్మరు.

ఇంటి తర్వాత సమాజం. మార్కండేయుని రథోత్సవానికి మనవాళ్ళు ఎంతమంది రథం వెంట నడుస్తారో నారళీ పూర్ణిమ నాడు చూస్తే కళ్ళు చాలవు. ఏడాదికొక్కసారి ఊరంతా నడిచే జనానికి, మిగతా రోజుల్లో సాయంత్రం ఒక గంట ఏదైనా హాలు తలుపు తీసిపెట్టలేమా? పెళ్ళిళ్ళు లేని రోజుల్లో మంగల కార్యాలయాలు ఖాళీగానే ఉంటాయి. బడి వదిలాక తరగతి గదులు ఖాళీగానే ఉంటాయి. ఫ్యాన్ల కింద, నీడలో, పదిమంది ఆడవాళ్ళు కలిసి బతుకమ్మ అడుగులేసుకుంటే పైసా ఖర్చు లేదు. 2006లో కుంభారిలో బీడీ కార్మికులకు పదివేల ఇళ్ళ కాలనీ వచ్చింది. 2024 జనవరిలో అక్కడే రాయ్‌నగర్‌లో 15 వేల ఇళ్ళు అందాయి. ఇల్లు కోసం అన్నేళ్ళు పోరాడి గెలిచినవాళ్ళం, ఆ ఇంట్లో ఆరోగ్యంగా బతకడానికి ఒక గంట సంపాదించుకోలేమా?

దవాఖానాలకు కూడా ఒక విన్నపం. సలహా కాగితాలు మరాఠీలో, ఇంగ్లీషులో ఇస్తున్నారు. మా పెద్దవాళ్ళలో చాలామంది ఏ బడికీ పోలేదు. వాళ్ళు మాట్లాడేది తెలుగు. కాగితం కన్నా, ఒక్క నర్సమ్మ లేచి నిలబడి నాలుగు అడుగులు వేసి చూపిస్తే ఏ భాషా అక్కర్లేదు.

ఇది షోలాపూర్ మాటే అయినా, సరిహద్దు అవతల ఉన్న తెలుగువాళ్ళందరికీ ఎంతో కొంత తగులుతుంది. బళ్ళారి ఎండలో, యానాం వానలో, హోసూరు ట్రాఫిక్‌లో, బరంపురం ఇరుకు వీధుల్లో బయటికి పోయి నడవడం ఎంత కష్టమో అక్కడివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఎక్కడున్నా గది ఒకటే, కాళ్ళు రెండే, సీసాలు రెండే.

మొన్న పరీక్షకు పోయినప్పుడు డాక్టరు కాగితం చూసి, 'చాల్తా కా?' అని అడిగాడు, నడుస్తున్నారా అని. అక్క 'చాల్తే, ఘరాతచ్' అంది. నడుస్తున్నా, ఇంట్లోనే అని. ఆయన తలెత్తి, ఇంట్లోనా, ఎలా అని అడిగాడు. అక్క చీరకొంగు నడుముకు బిగించి, ఆ చిన్న గదిలోనే బల్లకు, తలుపుకు మధ్య లేచి నిలబడి చూపించింది.